బొత్తాలు కుట్టని కోట్లు

"వెతకడమంటూ మొదలుపెడితే ముందు మన ఇల్లే వెతకాలి," అన్నాడు కుట్టుశాల కార్యదర్శి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

అతని భార్య, ఆ ఇంటి పెద్దకోడలు, పెట్టె మీద కూర్చుని దుప్పట్లు మడతపెడుతోంది. మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మడతపెడుతోంది. ఆ సంగతి గమనించే ఓపిక గదిలో ఎవరికీ లేకపోవడం ఆమె అదృష్టం. ఆమె కూర్చున్న పెట్టె అడుగున, పెళ్ళినాటి దుప్పటిలో చుట్టి, కుట్టుశాల మొత్తం మూడు రోజులుగా వెతుకుతున్న పెద్ద కత్తెర ఉంది.

"మన ఇల్లా?" అంది అత్తగారు మంచం మీంచి. "నేను ఒకళ్ళ సూది ముట్టుకున్నదాన్ని కాదురా. ఈ వయసులో నా పెట్టె వీధిలో కుమ్మరిస్తావా?"

"అందుకేనమ్మా మనదే ముందు. కార్యదర్శి ఇల్లు వదిలేసి మిగతావాళ్ళ ఇళ్ళల్లో చెయ్యి పెడితే, పాత యజమానికీ నాకూ తేడా ఏముంది?"

ముక్కుసూటి మనిషి. ఎనిమిదేళ్ళ కిందట యజమాని కుట్టుశాలకు తాళం వేసి మాయమైపోతే, ఆ తాళం పగలగొట్టి లోపలికి నడిచిన మొదటివాడు అతనే. ఇక్కడ ఇకమీదట యజమానీ ఉండడు, తాళమూ ఉండదు అన్నాడు. మిషన్లు అందరివి, కత్తెరలు అందరివి, సూదులు అందరివి. మూడు నెలలకోసారి చేతులెత్తి ఎవరు ఏ పని చేయాలో తేల్చుకుంటారు. పెళ్ళికి తన తండ్రి పెట్టిన చేతివాచీని కూడా తీసి, అందరికీ టైము తెలియాలని కుట్టుశాల గోడకు మేకు కొట్టి తగిలించాడు. మనిషికి మంచి అలవాట్లు నేర్పితే కమ్యూనిజం దానంతటదే వస్తుందని అతని నమ్మకం. ఇంట్లో ఒక్క తువ్వాలు కూడా "ఇది నాది" అని దాచుకోడు. అతని భార్యకు మాత్రం అప్పుడప్పుడు ఆ "నాది" అనే మాట తన గురించైనా అంటే బాగుండునని ఉండేది.

చిన్నకోడలు వంటింటి గడప మీద కూర్చుని ఉంది. మూడు రోజులుగా సరిగ్గా తిండి లేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. ఆమె భర్త, అంటే కార్యదర్శి తమ్ముడు, తయారైన సరుకు దింపడానికి బయట ఊరికి వెళ్ళాడు. ధైర్యం చెప్పే దిక్కు లేదు. ఈ మూడు నెలల వంతులో గుడ్డలు కత్తిరించే కోతబల్ల ఆమెది. కత్తెరను చివరిసారి ముట్టుకున్నదీ ఆమే.

"నేనే ఎవరికో ఇచ్చేశానంటున్నారు బావగారూ," అంది. "మొహం మీద అనరు. నేను వెళ్ళగానే మాటలు ఆపేస్తారు."

"ఎవరంటున్నారమ్మాయ్?"

"ఎవరో ఒకరైతే చెబుదును."

పెద్దకోడలు ఇంకో దుప్పటి అందుకుంది. తోటికోడలి వాచిన కళ్ళు చూసి మనసు చివుక్కుమన్న మాట నిజమే. అయితే ఆ చివుక్కుమనడం వెనకే ఒక చల్లటి తృప్తి కూడా వచ్చి కూర్చుంది. దానికి కుళ్ళు అని తప్ప ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

ఆ కత్తెర ఆమె తండ్రిది. ఆయన దర్జీ. బొటనవేలు ఒరుసుకుపోకుండా పిడికి నల్లగుడ్డ పీలిక చుట్టుకున్నాడు. ఆయన వేలికి అరిగి, తర్వాత కూతురి వేలికి అరిగి, ఆ పీలిక తోలులా నున్నబడింది. ఎనిమిదేళ్ళ కిందట అందరూ తమ పనిముట్లు తెచ్చి ఉమ్మడిలో పెట్టాలన్నప్పుడు ఎవరూ కదల్లేదు. ఈమే ముందు నడిచి తండ్రి కత్తెరను బల్ల మీద పెట్టింది. చప్పట్లు మోగాయి. భర్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి, ఇంకో పది కత్తెరలుంటే అవీ ఇచ్చేసేది.

ఆ తర్వాత ఎన్ని వంతులు మారినా కోతబల్ల మాత్రం ఈమెకే వస్తూ ఉండేది. అందరూ ఈమెకే చేతులెత్తేవారు. ఈసారి చిన్నకోడలి పేరు లేచింది. లేపినవాడు కార్యదర్శే. కొత్తవాళ్ళు నేర్చుకోవాలన్నాడు. ఈమె కూడా పళ్ళ బిగువున చెయ్యి ఎత్తింది.

చిన్నకోడలు నేర్చుకుంది, మామూలుగా కాదు. రాత్రి కాపలావాళ్ళ కోట్ల కోసం దళసరి గుడ్డ వస్తే, నమూనాలను అటు తిప్పి ఇటు తిప్పి పరిచి, అదే గుడ్డలో మూడు కోట్లు అదనంగా తీసింది. ఆ వారం సమావేశంలో కార్యదర్శి లేచి, ఇంత పొదుపుగా ఇంతకుముందు ఎవరూ కోయలేదన్నాడు. ఆ "ఎవరూ" తానేనని పెద్దకోడలికి అర్థం కావడానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మర్నాడు చెత్తబుట్టలో నల్లపీలిక కనిపించింది. కత్తెర పిడికి ఆకుపచ్చ మఖమల్ గుడ్డ చుట్టి ఉంది. "బొటనవేలు నొప్పెడుతోందక్కా, మార్చేశాను. బాగుంది కదూ?" అంది చిన్నకోడలు, ఏ కల్మషమూ లేకుండా. బాగుందని చెప్పి, ఆ సాయంత్రమే కత్తెరను కొంగు చాటున పెట్టుకుని పైనున్న ఇంటికి మెట్లెక్కి వచ్చేసింది పెద్దకోడలు. ఒక్కరోజు దాచి ఏడిపిద్దామనుకుంది. ఒక్కరోజు మూడు రోజులైంది.

"నా పెట్టె తెరవండి," అని లేచింది చిన్నకోడలు. "ముందు నాదే తెరవండి."

కార్యదర్శి కదల్లేదు. గదిలో ఉన్న పెట్టెలు మూడు. ఒకటి అత్తగారిది, ఒకటి చిన్నకోడలిది, ఒకటి పెద్దకోడలు కూర్చున్నది. అతను మూడింటినీ చూశాడు. పెద్దకోడలు మడతపెట్టిన దుప్పటి మళ్ళీ విప్పింది.

"వద్దులెండి," అంది మళ్ళీ చిన్నకోడలే, కాస్త ఆలోచించి. "వెతికితే దొంగ దొరుకుతాడు. దొరికాక ఆ మనిషి మన మధ్య ఎలా తిరుగుతాడు? అందరం ఒక్కొక్కరం కోతగదిలోకి వెళ్ళొద్దాం. తలుపు వేసేసి. నూరు లెక్కపెట్టేదాకా. తీసినవాళ్ళు పెట్టేసి వచ్చేస్తారు. ఎవరని అడగొద్దు."

"లోపలికి ఏం పట్టుకెళ్తున్నారో కనిపిస్తుందిగా," అంది అత్తగారు.

"కుట్టిన కోట్లు నలభై ఉన్నాయి కదండీ. అందరం తలా ఒకటి తొడుక్కుందాం. ఆ కోట్లలో ఏనుగును దాచినా కనపడదు."

కార్యదర్శి మొహం విచ్చుకుంది. మూడు రోజుల్లో అతను నవ్వడం అదే మొదలు. "ఎంత మంచి ఆలోచన చెప్పావమ్మాయ్," అన్నాడు. "చూశావా? మనుషుల్ని నమ్మాలంటే ఎలా నమ్మాలో చెప్పింది." ఈ రెండో మాట భార్యతో. పెద్దకోడలు చూశానంది. ఆ క్షణంలో పెట్టె తెరిచేసినా ఆమెకు అంత మంట పుట్టేది కాదు.

మధ్యాహ్నం మూడు గంటలకు కుట్టుశాలలో సమావేశం. బయట ఊరికి వెళ్ళిన మరిది పోగా ముప్పై ఒక్కరు. అందరూ ఇళ్ళ దగ్గరే కాపలావాళ్ళ కోట్లు తొడుక్కుని వచ్చి నిలబడ్డారు. గూని ఉన్నవాళ్ళకూ, బక్కవాళ్ళకూ, అందరికీ ఒకటే కొలత కోటు. అప్పటికింకా బొత్తాలు కుట్టలేదు. అందుకని ప్రతి ఒక్కరూ రెండు అంచులూ చేత్తో దగ్గరికి పట్టుకుని, చలికి వణుకుతున్నవాళ్ళలా ఉన్నారు. ఒకళ్ళనొకళ్ళు చూసి కొందరికి నవ్వొచ్చింది.

బొత్తాలు కుట్టాల్సిన పెద్దాయన మాత్రం నవ్వలేదు. అందరూ ఆయన్ను బొత్తాల బాబాయ్ అంటారు. కుట్టుశాలలో అందరికన్నా పాతవాడు. ఎనిమిదేళ్ళుగా ప్రతి సమావేశంలోనూ చెయ్యి ఎత్తని ఒకే ఒక్క మనిషి. ఎవరి కత్తెర వాళ్ళకుంటే, ఎవరి పెట్టెకు వాళ్ళు తాళం వేసుకుంటే, పైన అజమాయిషీకి ఒకడుంటే ఈ గొడవే లేదని ఆయన వాదన. ఆ రోజు అదే తీర్మానం రాసి తెచ్చాడు.

"నువ్వు మంచివాడివిరా," అన్నాడు కార్యదర్శితో. "నీ కమ్యూనిజమే, మనిషి కొలతలు తీసుకోకుండా కుట్టిన కోటు. చూడ్డానికి బాగుంటుంది. తొడుక్కుంటే ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది."

"కొలతలు యజమాని టేపుతో తీస్తే మనిషి ఎప్పుడూ ఇరుకుగానే కనిపిస్తాడు బాబాయ్. చంటిపిల్ల చేతిలో రొట్టెముక్క ఉంటే అమ్మ నోట్లో పెట్టదా? అది ఎవరు నేర్పారు?"

"పెడుతుంది. పక్కపిల్ల బొమ్మ లాక్కుని ఏడుస్తుంది కూడా. అది మాత్రం ఎవరు నేర్పారు?"

కొందరు నవ్వారు. కార్యదర్శి కూడా నవ్వాడు. బాబాయ్ అక్కడితో ఆగలేదు. ప్రజాస్వామ్యం అంటావు, చేతులెత్తమంటావు, నువ్వు ఎదురుగా నిలబడి చూస్తూ ఉంటే ఎత్తనివాడెవడు అని అడిగాడు. తానొక్కడే ఎత్తలేదనీ, అందుకని తన పక్కన కూర్చుని టీ తాగడానికి కూడా జనం అటూ ఇటూ చూస్తున్నారనీ అన్నాడు.

కార్యదర్శి తలూపాడు. ఎదుటివాడి మాటలో నిజముంటే అతను ఒప్పేసుకుంటాడు. పెద్దకోడలు అతన్ని ప్రేమించడానికి కారణాల్లో అదొకటి.

"సరే బాబాయ్," అన్నాడు చివరికి. "కత్తెర బల్ల మీదికి వస్తే నీ తీర్మానం చింపేద్దాం. రాకపోతే నేనే ఓటుకు పెడతాను. అది గెలిస్తే తాళాలు నా చేత్తో తెస్తాను."

అందరూ సరేనన్నారు. పెద్దకోడలి ఎడమ చంక కింద, కోటు లోపల, కత్తెర చల్లగా ఒరుసుకుంటోంది. ఇంతసేపూ అది తనకూ తోటికోడలికీ మధ్య గొడవ అనుకుంది. ఇప్పుడు భర్త తన ఎనిమిదేళ్ళనూ తెచ్చి దాని పక్కన పెట్టేశాడు. పెట్టేసి రావాలి, అంతే అనుకుంది. ఎవరికీ తెలియదు. పిడికి ఆకుపచ్చ గుడ్డే ఉండనీ, కోతబల్ల తోటికోడలిదే కానీ.

ఒక్కొక్కరే వెళ్ళడం మొదలుపెట్టారు. బాబాయ్ తలుపు దగ్గర నిలబడి నూరు లెక్కపెడుతున్నాడు. లోపలికి బిగుసుకుని వెళ్ళినవాళ్ళు బయటికి వచ్చేటప్పుడు కోటు అంచులు వదిలేసి, చేతులూపుకుంటూ వస్తున్నారు. కొందరి మొహంలో అల్లరి పని చేసిన పిల్లల సిగ్గు. ఇది పెద్దకోడలికి వింతగా తోచింది. కత్తెర తన దగ్గరుంటే వీళ్ళంతా ఏం వదిలి వస్తున్నట్టు?

ముందుకు వెళ్దామనుకుంటూనే ప్రతిసారీ ఇంకొకళ్ళకు దారి ఇచ్చింది. చిన్నకోడలు వెళ్ళొచ్చింది. బాబాయ్ వెళ్ళొచ్చాడు. చివరికి ఆమె, కార్యదర్శి మిగిలారు. అందరికన్నా ఆఖర్న వెళ్దామని ఆగినవాడు, భార్య కదలకపోవడం చూసి తానే వెళ్ళాడు.

బయటికి వచ్చినప్పుడు అతని మొహంలో రంగు లేదు. బల్ల మీద కత్తెర లేదని అతనికి తెలిసింది. మిగిలింది ఎవరో కూడా తెలిసింది.

ఆమె అతని కళ్ళలోకి చూడలేకపోయింది. తిడతాడనుకుంది. అతను తలుపు పట్టుకుని దారి ఇచ్చి, మిగతావాళ్ళకు వినపడకుండా, "తొందరపడకు," అన్నాడు. "ఈసారి నేను లెక్కపెడతాను. నెమ్మదిగా."

ఆ "నెమ్మదిగా" అన్న మాట ఆమె ఒక్కదానికే. ఎన్నాళ్ళయింది ఆ గొంతు విని. తలుపు మూసుకోగానే కత్తెర బయటికి తీసింది.

అప్పుడు బల్ల చూసింది. ఒక టేపు, సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు, పట్టుదారం రీలు, ఎవరో తమ కుర్చీకోసం తీసుకున్న దిండు, పోయిందని నెలంతా గొడవపడ్డ నీలంగీత టీకప్పు, దారం చుట్టిన రెండు బాబిన్లు, బాబాయ్ తప్ప ఇంకెవరూ వాడని భూతద్దం, ఇంకా అలాంటివే బల్లనిండా. ముప్పైమందీ తలా ఒకటి దాచుకున్నారు. ముప్పైమందీ తెచ్చి పెట్టేశారు. పెద్దకోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కత్తెరను భూతద్దం పక్కన పెట్టింది. చెయ్యి తేలికైంది.

తిరిగి వెళ్ళబోతూ బల్లకు కిటికీ వైపు మూల చూసింది.

గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు. ఆకుపచ్చ మఖమల్‌ది. కత్తెర పిడికి చుట్టిన గుడ్డే. కోతబల్ల చేతికి వచ్చిన వారంలోనే చిన్నకోడలు దాన్ని కుట్టి ఉమ్మడిలో పెట్టింది. మరో వారానికి అది మాయమైంది. ఎవరికో నచ్చినట్టుందని అప్పుడు చిన్నకోడలు నవ్వేసింది. కార్యదర్శి మాత్రం సమావేశంలో లేచి, చిన్న వస్తువే కదా అని చిన్నగా చూడొద్దని అరగంట మాట్లాడాడు.

దిండుకు ఒక చీటీ గుచ్చి ఉంది. "దీన్ని రెండు నెలలు నా దగ్గర ఉంచుకున్నాను. తప్పు." సంతకం లేదు. అవసరమూ లేదు. ఎనిమిదేళ్ళుగా అతని నివేదికలు శుద్ధప్రతి రాసేది ఆమే.

చేతివాచీ ఇచ్చేసిన మనిషి. భార్య పుట్టింటినుంచి తెచ్చిన కత్తెర ఇచ్చేసిన మనిషి. ఆమె అల్లిన మఫ్లర్‌ను అల్లిన వారంలోనే ఎవరికో చలి వేస్తోందని ఇచ్చేసిన మనిషి. ఎనిమిదేళ్ళలో తనదంటూ దాచుకున్న ఒకే ఒక్క వస్తువు ఇది. అందులో ఒక్క కుట్టు కూడా ఆమెది కాదు.

బయట అతని గొంతు లెక్కపెడుతోంది. డెబ్బై రెండు. చాలా ఆగి, డెబ్బై మూడు.

ఎందుకు దాచాడో ఆమెకు తెలియదు. ముచ్చటపడ్డాడేమో, అంతకన్నా ఏమీ లేదేమో. అడిగితే నిజమే చెబుతాడు. ఆ నిజమే ఆమెకు భయం. నూరు అనేలోగా కత్తెర మళ్ళీ ఎడమ చంక కిందికి వెళ్ళింది. దిండు, చీటీ కూడా కోటు లోపలి జేబులోకి వెళ్ళాయి. కుడిచేత్తో కోటు అంచులు దగ్గరికి పట్టుకుని బయటికి వచ్చింది.

అందరూ ఒక్కసారిగా లోపలికి వెళ్ళారు. బల్ల చూసి నవ్వులు మొదలయ్యాయి. నా టేపు, నా కప్పు అని ఎవరో అనబోయి నాలిక కరుచుకున్నారు. బాబాయ్ తన భూతద్దాన్ని చూడనట్టు నటించాడు. చిన్నకోడలు ఒక్కో వస్తువునూ పక్కకు జరిపి, కుర్చీ దిండు ఎత్తి, కింద కూడా చూసి, చివరికి బల్లకు ఆనుకుని నిలబడిపోయింది.

"రాలేదు," అంది.

కార్యదర్శి ఆ వస్తువుల వైపు చూడలేదు. కిటికీ మూల చూశాడు. అక్కడ ఏమీ లేదు. తాను పెట్టింది లేదు. అక్కడినుంచి నెమ్మదిగా తల తిప్పి భార్యను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అంతమంది మధ్య ఆ ఇద్దరికీ మాత్రమే తెలిసిన మాట ఒకటి అటూ ఇటూ తిరిగింది. అతని నోట బయటపడిన మాట మాత్రం వేరు.

"అందరూ వెళ్ళొచ్చారు. కత్తెర రాలేదు. బాబాయ్ తీర్మానం ఓటుకు పెడుతున్నాను. తాళాలు కావాలనేవాళ్ళు చేతులెత్తండి."

బాబాయ్ చెయ్యి లేచింది. ఇన్నాళ్ళూ ఆయన పక్కన కూర్చోవడానికి జంకినవాళ్ళవి కూడా ఒకటొకటిగా లేచాయి. బాబాయ్ పైకే లెక్కపెట్టాడు, పద్నాలుగు. అప్పుడు కార్యదర్శి చెయ్యి కూడా లేచింది.

"బావగారూ," అంది చిన్నకోడలు.

"నేను కూడా మనిషినేనమ్మాయ్," అన్నాడతను. "నాకూ తాళం కావాలి." కళ్ళు భార్య మీదే ఉన్నాయి.

వద్దనేవాళ్ళను చేతులెత్తమన్నారు. అందరికన్నా ముందు చిన్నకోడలు ఎత్తింది, మడమలు లేపి మరీ ఎత్తింది. దొంగ అనిపించుకున్నది ఆమే, తాళాలు వద్దన్నదీ ఆమే. ఆమె వెనక మిగతావి లేచాయి. బాబాయ్ లెక్కపెట్టాడు. ఓసారి లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇటు పదిహేను, అటు పదిహేను," అన్నాడు. "మనం ముప్పై ఒక్కరం."

కోట్లన్నీ తెరుచుకుని వేలాడుతున్నాయి. ఒక్కటి మాత్రం ఇంకా గట్టిగా మూసి పట్టుకుని ఉంది. తలలన్నీ అటు తిరిగాయి.

"అక్కా, నీ చెయ్యి," అంది చిన్నకోడలు, ఎంతో ఆశగా.

ఎడమచెయ్యి ఎత్తితే కత్తెర కింద పడుతుంది. కుడిచెయ్యి ఎత్తితే కోటు తెరుచుకుంటుంది. బొత్తాలు ఇంకా కుట్టలేదు.